తుషార్ తపాసణి

గంగమ్మ సంచి సర్దుతోంది. మనవడి చొక్కాలు, చెడ్డీలు, పాత నేతచీర చింపి కుట్టిన పక్కగుడ్డలు, వారమైనా చెడని ఎండు జొన్నరొట్టెలు, పొట్లం కట్టిన పల్లీల కారం. సర్దింది సర్దినట్టు ఉంచదు. మళ్ళీ తీస్తుంది, మళ్ళీ మడత పెడుతుంది. ఆ ఇంట్లో ఎవరు ఊరికి సంచి కట్టినా ఆమె ఇట్లాగే చేస్తుంది. మొగుడు యాదగిరి ఇట్లాగే ఒక సంచి చంకన పెట్టుకొని దవాఖానాకు తన కాళ్ళ మీద నడిచి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు నలుగురు మోసుకొని వచ్చారు. అప్పటినుంచి సంచి మూతికి ముడి వేయడం ఆమె ఎంతకూ తెమల్చదు.

కోడలు భాగ్యలక్ష్మి గోడకు ఆనుకొని కూర్చుంది. కింది పెదవి చిట్లి రేగుపండంత వాచింది. ఒక చెవికి కమ్మ లేదు. కమ్మ ఉండవలసిన చోట నెత్తురు గడ్డకట్టి నల్లబడింది. నిన్న పొద్దుగూకే వేళ మొగుడితో, రేపు మధ్యాహ్నం బండికి పిల్లవాణ్ణి తీసుకొని పుణె పోతున్నానని చెప్పింది. మంగేశ్ ఇచ్చిన జవాబు అది.

పక్క గదిలో కరెంటు మగ్గాలు నడుస్తున్నాయి. వాళ్ళ నోట అవి సాంచెలు. రెండు సాంచెలు, తువ్వాళ్ళ నేత. నీలం నగర్‌లో ఆ వీధి పొడుగునా ఇంటింటా అదే చప్పుడు. ఇంటి గోడలు, గిన్నెలు, నీళ్ళ బిందెలో నీళ్ళు, అన్నీ పొద్దున లేచినప్పటినుంచి సన్నగా వణుకుతూనే ఉంటాయి. తుషార్ ఆ వణికే నేల మీద చాప వేసుకొని హాయిగా నిద్రపోతున్నాడు.

"అత్తా, నువ్వు గూడ రారాదు," అంది భాగ్యలక్ష్మి. పెదవి వాచినా, ఆ చప్పుడులో మాటను గంగమ్మ పెదవుల కదలిక మీదే పట్టుకుంది.

"నేను గూడ గడప దాటితె వాడు తాళమేస్తడు. మీరు తిరిగొస్తె లోపలికి రానియ్యడు. ఎవరో ఒకరు గడపల కూసోవాలె బిడ్డా. పుణె నుంచి వచ్చినంక సక్కగ కుంభారిల మీ అమ్మ దగ్గరికి పో. నేను కబురు పంపినంకనే ఇటు రా."

తుషార్‌కు మూడేళ్ళు నిండవస్తున్నాయి. ఇంకా ఒక్క మాట లేదు. పిల్లలు చూస్తున్నారా, వింటున్నారా, నడక వచ్చిందా, మాట వచ్చిందా అని పసితనంలోనే పరీక్ష చేయించి, ఏదైనా లోపం బయటపడితే వైద్యం కూడా తానే భరించే పథకం ఒకటి సర్కారు నడుపుతోంది. అంగన్‌వాడీ నడిపే కోమల్ దాన్ని మరాఠీలో తపాసణి అంటుంది. వాడ అంతా అదే మాట అంటుంది. అయితే ఆ డబ్బు పసివాళ్ళకే అని, మూడు నిండిన పిల్లవాడికి ఈ వరసలో చోటు ఉండదని, తరువాత ఎవరి తిప్పలు వాళ్ళవేనని కోమల్ గట్టిగా చెప్పింది. ఎన్నో సర్కారు ఆఫీసులు తిరిగి, ఎవరెవరినో బతిమాలి, పుణె పెద్ద దవాఖానాలో చెవుల పరీక్షకు తుషార్ వంతు వేయించింది ఆమే. ఆ వంతు రేపటికి. ఈ బండి తప్పితే వాడికి ఇంకో వంతు లేదు. సొంతంగా చేయించాలంటే సాంచెలు రెండూ అమ్మినా చాలదు.

ఇంత ఆలస్యం ఎందుకు జరిగిందంటే, అది ఆ వాడలో తప్ప మరెక్కడా జరగని పొరపాటు. సాంచె నడుస్తుంటే పక్కన నిలబడ్డ మనిషి గొంతు కూడా వినబడదు. అందుకని నేత ఇళ్ళలో గొంతుతో పని పెట్టుకోరు. పెదవులు కదుపుతారు, కనుబొమలు ఎగరేస్తారు, వేళ్ళు ఆడిస్తారు. దాహమైతే బొటనవేలు నోటి దగ్గర. పోగు తెగితే రెండు వేళ్ళు విరిచినట్టు. సరుకు ఇచ్చే సేటు వస్తున్నాడంటే పొట్ట మీద చెయ్యి. మీ ఇంట్ల నలుగురు ముచ్చట పెడితె టీవీ గొంతు బంద్ చేసి చూసినట్టుంటదని పొరుగింటి రాకేశ్ నవ్వేవాడు. అతని ఇల్లూ అంతే, కాని ఎవరి ఇల్లు వాళ్ళకు కనబడదు.

తుషార్ ఈ భాషను పాలతోపాటే తాగాడు. గంగమ్మ పెదవులు కదిపి చెంబు తెమ్మంటే తెచ్చేవాడు. తల్లి కనుబొమ ముడిస్తే అల్లరి మానేవాడు. సాంచెలు ఆగితే ఎంత గాఢనిద్రలో ఉన్నా ఉలిక్కిపడి లేచేవాడు. ఏం చెవులమ్మా వీడివి, పాము చెవులు, అని మురిసిపోయారు. అవి చెవులు కావు, వీపు. నేల అదరడం ఆగిపోతే వాడి ఒంటికి తెలిసేది. ఆ సంగతి ఎవరికీ తోచలేదు. మాట రాకపోతే మగపిల్లలకు ఆలస్యమే అన్నారు, వస అరగదీసి నాలుకకు రాశారు, తమ కులదైవం మార్కండేయుడికి ముడుపు కట్టారు.

వాడికి ఏడాదిన్నర ఉన్నప్పుడు తపాసణి బండి అంగన్‌వాడీకి వచ్చింది. డాక్టరమ్మ పిల్లవాడి వెనక కూర్చుని చిన్న గంట మోగించింది. ఎదురుగా కూర్చున్న గంగమ్మ, ఒంటికి పట్టిన అలవాటు కొద్దీ, అటు చూడు బిడ్డా అని కనుబొమ ఎగరేసింది. పిల్లవాడు చక్కగా వెనక్కి తిరిగాడు. డాక్టరమ్మ సంతోషించి బిస్కట్ ఇచ్చింది. మోసం చేద్దామని చేసింది కాదు. సాంచెల ఇంట్లో బతికినవాళ్ళకు మొహం ఊరుకోదు.

మంగేశ్‌కు మాత్రం కొడుకు మీద మొదటినుంచీ ఒకటే ఫిర్యాదు. తల్లి చెప్తే వింటాడు, నాయనమ్మ చెప్తే వింటాడు, తను పిలిస్తే పలకడు. మంగేశ్ ఎప్పుడూ సాంచె మీద వంగి ఉండే మనిషి. మొహం చూపించి మాట్లాడే తీరిక లేదు, వెనకనుంచే అరుస్తాడు. ఇన్నేళ్ళ చప్పుడుకు తన చెవులే సగం పోయాయి కాబట్టి మరీ గట్టిగా అరుస్తాడు. పలకని కొడుకును మొండివాడనుకున్నాడు. మొండితనం కొట్టి వదిలించాలని తన తండ్రి తనకు నేర్పాడు. సాంచెకు కట్టే తోలుపట్టా తెగిన ముక్క ఒకటి మేకుకు వేలాడేది. దానితో కొట్టేవాడు. తువ్వాల ఉతికినట్టు కొట్టేవాడు. పిల్లవాడి తొడల మీద ఆ పట్టా వాతలు ఒకటి మానకముందే మరొకటి లేచేవి. అడ్డం వెళ్ళినందుకు భాగ్యలక్ష్మి వేలు ఒకటి విరిగి వంకరగానే అతుక్కుంది.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం వాడ మొత్తానికి కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారి ఆగాయి. ఎప్పుడూ వినబడని కాకులు, ఎవరింట్లోనో గిన్నెల చప్పుడు, అన్నీ వినబడ్డాయి. తుషార్ తలుపు దగ్గర వీపు తిప్పి కూర్చుని నూలు కండెలతో ఆడుకుంటున్నాడు. మంగేశ్ వెనకనుంచి మంచినీళ్ళు అడిగాడు. పిల్లవాడు కదలలేదు. మళ్ళీ అడిగాడు. మూడోసారి వీధి చివరి కుక్క కూడా తల ఎత్తేంత గట్టిగా అరిచాడు. తరువాత వెళ్ళి అరచేత్తో వెనకనుంచి ఒక్కటి కొట్టాడు. పిల్లవాడి నుదురు గడపకు తగిలి చీలింది. గంగమ్మ పరుగెత్తింది. నెత్తురు కంట్లోకి కారుతుంటే పిల్లవాడు ఏడవడం కూడా మరిచి, తల ఎత్తి తండ్రి పెదవుల వైపు చూశాడు. ఏం చెప్పారు నాకు, అని అడుగుతున్నట్టు చూశాడు.  అప్పుడు తెలిసింది గంగమ్మకు.

ఆ సాయంత్రమే కోమల్ దగ్గరికి వెళ్ళి, వెనకటి గంట సంగతి సహా అన్నీ చెప్పింది. కోమల్ తప్పు పట్టలేదు. మళ్ళీ తపాసణికి తిరగడం మొదలుపెట్టింది.

మంగేశ్‌తో కోమల్ స్వయంగా వచ్చి మాట్లాడింది. పైసా అక్కరలేదు, సర్కారే చూసుకుంటుంది, పరీక్షలో లోపం తేలితే చెవి లోపల యంత్రం పెడతారు, చిన్నతనంలో పెడితేనే మాట వస్తుంది అని చెప్పింది. అతను ఆమె కూర్చున్న కుర్చీని లాగి అవతల పారేశాడు. కొంతం చౌక్ దగ్గర టీ తాగుతున్నప్పుడు రాకేశ్, నీ కొడుకు అదృష్టవంతుడురా, నీ కూతలు ఇనకుండ మూడేండ్లు సల్లగ బతికిండు, అని వేళాకోళం ఆడాడు. మంగేశ్ చేతిలోని గాజు గ్లాసు అతని దవడ మీద పగలగొట్టాడు. రాకేశ్ దవడకు కుట్లు పడ్డాయి, ఇప్పటికీ మచ్చ ఉంది.

పరువు పోతుందని మంగేశ్ బాధ అని వాడలో అనుకున్నారు. గంగమ్మకు తెలుసు, అది కాదు. కొడుకు మొండివాడైతే ఆ పట్టా దెబ్బలకు ఒక న్యాయం ఉంది. కొడుకు చెవిటివాడైతే తను కొట్టింది ఎవరిని? ఆ ప్రశ్న ఇంట్లో అడుగు పెట్టకుండా మంగేశ్ గడపకు అడ్డం పడుకున్నాడు. కన్నకొడుకు కాబట్టి ఆమెకు అర్థమయింది. అర్థమైనంత మాత్రాన మనవణ్ణి వదలలేకపోయింది.

సంచికి ముడి పడుతుండగా సాంచెలు ఆగిపోయాయి. తుషార్ కళ్ళు తెరిచాడు.

మంగేశ్ గుమ్మంలో నిలబడ్డాడు. తల మీద, కనురెప్పల మీద నూలు దుమ్ము. చేతిలో సాంచె కర్ర, పోగును మోసే నాడెను అటూ ఇటూ కొట్టే చేవకర్ర. మార్చడానికి ఊడదీశాడో, దీనికోసమే ఊడదీశాడో.

"ముడి ఇప్పు," అన్నాడు.

గంగమ్మ రెండో ముడి వేసింది.

అతను సంచిని తన్నాడు. ముడి నిలవలేదు, రొట్టెలు విరిగి గదంతా చెదిరాయి. భాగ్యలక్ష్మి ఏరడానికి వంగింది. జుట్టు పట్టి లేపి తలను గోడకేసి కొట్టాడు. ఆగి మళ్ళీ కొట్టాడు. ఆమె నుంచి ఊపిరి చప్పుడు తప్ప మరేమీ రాలేదు. కేక పెట్టే అలవాటు ఆ ఇళ్ళ ఆడవాళ్ళకు ఉండదు. పెట్టినా ఎవరికి వినబడాలి? గంగమ్మ అతని చెయ్యి పట్టుకొని వేలాడింది. అతను విదిలిస్తే వెళ్ళి, రోజూ తను బీడీలు చుట్టే చాట మీద పడింది. చుట్టిన బీడీలు, ఆకులు, పొగాకు చెల్లాచెదురయ్యాయి.

"వానికి ఇనబడుతది," అన్నాడు మంగేశ్. రొప్పుతున్నాడు. "పుణె గిణె ఏం వద్దు. సర్కారు ఏంది చేసేది తపాసణి, నేను చేస్త. నా కొడుకు, నేనే చేస్త. మీరిద్దరు గోడకు తిరుగుండ్రి. మొహంతోని సైగ చేసిండ్రంటె పండ్లు రాలగొడ్త."

పిల్లవాణ్ణి ఎత్తి, వీపు తనవైపు ఉండేలా నేల మీద కూర్చోబెట్టాడు. ఇద్దరు ఆడవాళ్ళూ గోడకు తిరిగారు. భాగ్యలక్ష్మి జుట్టులోంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది. గంగమ్మ ఎదుట పెచ్చులూడిన సున్నం. వీపు వెనక మంగేశ్ గొంతు. ముందు మామూలుగా పిలిచాడు. తరువాత గట్టిగా. తరువాత బూతు కలిపి. తరువాత ఎవరూ ఊహించనంత మెల్లగా, ఊయల దగ్గర పిలిచినట్టు, తుషార్, బంగారు, ఇటు సూడు నాన్నా, అని పిలిచాడు.  పిల్లవాడి నుంచి ఏ అలికిడీ లేదు.

అప్పుడు ధడేలుమని ఏదో పడింది. సాంచె దూలానికి కట్టే ఇనుప బరువును నేలకేసి కొట్టాడు.

"తిరిగిండు. అవ్వా, చూడు, తిరిగిండు," అన్నాడు మంగేశ్. గొంతులో నవ్వూ ఏడుపూ ఒకదానికొకటి చిక్కుకున్నాయి. "నేను చెప్పలే? మొండోడు, అంతే. మొండి ముండకొడుకు."

గంగమ్మ తిరిగింది. ఇక్కడ ఊరుకుంటే సరిపోతుందని ఆమెకు తోచింది. సంచి విప్పేయవచ్చు, రొట్టెలు ఏరుకోవచ్చు, కొడుకు తిరిగి సాంచె మీదికి వెళ్తాడు, ఎవరూ ఎక్కడికీ పోరు. ఒక్క క్షణం అది ఆమెకు అమృతంలా కనబడింది. తరువాత మనవడి నుదుటి మీది గాటు కనబడింది.

"నేల అదిరింది కొడుకా," అంది. "వాడు నేలను ఇంటడు, నిన్ను కాదు. ఆగు." పిల్లవాణ్ణి ఎత్తి చంకన వేసుకుంది. "ఇప్పుడు కాళ్ళు నేలకు తాకవు. నేను కండ్లు గూడ మూస్కుంట. ఇప్పుడు కొట్టు."

కళ్ళు మూసుకుంది. మంగేశ్ ఇత్తడి బిందెను పిల్లవాడి చెవి పక్కకు తెచ్చి కర్రతో కొట్టాడు. గంగమ్మ పళ్ళు జిల్లుమన్నాయి. చంకలో పిల్లవాడు బెదరలేదు. మళ్ళీ కొట్టాడు. బిందె సొట్టపడింది. ఇంకా కొట్టాడు. వీధి సాంచెల చప్పుడును మించిన మోత. దాని మధ్యలో రెండు చిన్న వేళ్ళు వచ్చి గంగమ్మ కనురెప్పలను మెల్లగా పైకి తెరిచాయి. కళ్ళు మూస్తే నాయనమ్మ తనతో మాట్లాడటం మానేసిందని వాడి లెక్క. ఆమె కళ్ళు తెరుచుకోగానే తుషార్ నవ్వాడు.

ఆ నవ్వు మంగేశ్ చూశాడు.

"ఇనురా," అన్నాడు. "ఇనురా, ఇనురా, ఇను."

ఈసారి కర్ర బిందె మీదికి రాలేదు. గంగమ్మ పక్కకు తిరిగింది కాబట్టి మొదటి దెబ్బ ఆమె భుజం మీద పడింది. లోపల ఏదో పుటుక్కుమంది. రెండో దెబ్బకు కర్ర పైకి లేచింది. ఈసారి అతని చూపు పిల్లవాడి తల మీద ఉంది. ఆమె చాటలోకి చెయ్యి చాచింది. బీడీ ఆకు కత్తిరించే కత్తెర, రోజూ సాన పట్టేది, చేతికి వచ్చింది. కర్ర పట్టిన చేతిని చూసి పొడిచింది. మోచేతికి కింద, కండలోకి, పిడి దాకా దిగింది.

కర్ర జారి పడింది. నెత్తురు మొదట సన్నగా వచ్చి, కత్తెర లాగేసరికి చిమ్మింది. ఆమె రవిక, పిల్లవాడి చొక్కా, చెదిరిన రొట్టెలు, అన్నీ తడిశాయి. తుషార్ అప్పుడు ఏడ్చాడు. వాడి ఏడుపు వాడికి వినబడదు కాబట్టి దానికి ఒక వరస ఉండదు, గొంతు చీల్చుకొని వస్తుంది.

వాళ్ళను పుణె బండి ఎక్కించడానికి ఆటో తెచ్చిన కోమల్ తలుపు దగ్గరే నిలబడిపోయింది. మరాఠీలో నాయనమ్మను పిలిచినట్టు, ఆజీ, పోలీసులను పిలవనా అని గంగమ్మను అడిగింది.

"బండి తప్పుతది కోమల్ బాయీ," అంది గంగమ్మ. "మొదలు వీళ్ళను ఎక్కియ్యి." పిల్లవాణ్ణి కోడలి చేతుల్లో పెట్టింది. భాగ్యలక్ష్మి నిలబడలేకపోతోంది. గంగమ్మ ఆమె తలకు పాత తువ్వాలు బిగించి కట్టింది, సంచిలో మిగిలినవి కుక్కింది. "నడువు. వాంతి వస్తె బండిల కక్కు, మధ్యల దిగకు. వాని వంతు వచ్చేదాక ఆడికెల్లి కదలకు."

ఆటో సందు మలుపు తిరిగింది.

మంగేశ్ గోడ పక్కన కూలబడ్డాడు. గంగమ్మకు ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. కుడిచేత్తో, పళ్ళతో, అతను నేసిన తువ్వాలు ఒకటి చింపి అతని చేతికి కట్టు కట్టింది. అతను కదలకుండా కట్టించుకున్నాడు. చిన్నప్పుడు మోకాళ్ళు దోక్కుపోయినప్పుడు అట్లాగే కూర్చునేవాడు.

"అవ్వా," అన్నాడు. "వాడు పుట్టినప్పటి సంది నేను చెప్పిన మాట ఒక్కటన్న ఇన్నడా?"

అబద్ధం చెప్పవచ్చు. ఇంతకాలం అందరూ తెలియక చెప్పుకున్న అబద్ధమే అది.

"ఒక్కటి గూడ ఇనలేదు కొడుకా."

"మరి కొట్టినప్పుడు?"

"ఎందుకు కొడుతున్నవో వానికి తెలువది."

అతను తల ఊపాడు.  తరువాత లేచి, మేకుకున్న తోలుపట్టా తీసి వీధి మురుగు మోరీలో పడేసి నడిచాడు. కుట్లు వేయించుకోవడానికి దవాఖానాకు పోతున్నాడనుకుంది గంగమ్మ. ఆపలేదు. గడపలో కూర్చుని చూసింది. సందు చివర అతను వెనక్కి తిరిగి నిలబడ్డాడు. పెదవులు కదిలాయి, సాంచెల మధ్య మాట్లాడినట్టే. అంత దూరం ఆమె చూపు ఆనలేదు. ఏం చెప్పాడో అందలేదు. లేచి అడుగుదామని గడప పట్టుకొని నిలబడేసరికి అక్కడ ఎవరూ లేరు.

పుణెలో పిల్లవాడికి నిద్రమందు ఇచ్చి తలకు తీగలు పెట్టి చూశారు. రెండు చెవులకూ ఏమీ వినబడదని తేలింది. భాగ్యలక్ష్మి తలకు కుట్లు పడింది కూడా అక్కడే. తుషార్‌కు మూడు నిండకముందే వైద్యం మంజూరయింది, చలికాలంలో చెవి లోపల యంత్రం పెట్టారు. సర్కారు ఖర్చుతోనే మాటలు నేర్పించే చోటికి వారం వారం కోమల్ వెంటబెట్టుకొని వెళ్ళింది. భాగ్యలక్ష్మి కొన్నాళ్ళు కుంభారిలో తల్లి దగ్గర ఉండి, ఉగాదికి నీలం నగర్ వచ్చేసింది. సాంచెలు ఒకటి అమ్మారు, ఒకటి ఆమె నడుపుతోంది. తుషార్ మొదట పలికిన మాట నీళ్ళు.

మంగేశ్ కనబడడం లేదని పోలీసులకు ఫోటో ఇచ్చారు. భివండీ సాంచెల్లో చూశామని ఒకరు, ఇచల్‌కరంజిలో చూశామని ఒకరు అన్నారు. గంగమ్మ సరిగా అతుక్కోని భుజంతో రెండు ఊళ్ళకూ పోయి, షెడ్డు షెడ్డుకూ తిరిగి, చేతి మీద కత్తెర మచ్చ ఉన్న మనిషి కోసం అడిగి వచ్చింది. అక్కడ లేడు.

భాగ్యలక్ష్మి వచ్చింది, తుషార్ వచ్చాడు. మంగేశ్ తిరిగి రాలేదు. అతను వెళ్ళింది రెండు వేల ఇరవై నాలుగు ఆగస్టులో, మార్కండేయుడి రథం తిరిగే పౌర్ణమికి ముందటి శుక్రవారం, మధ్యాహ్నం పూట.